పేరు కంటే ముందు చోటు రాసుకో

నంద్యాల

చిరంజీవి మేఘనకు,

సిడ్నీలో నీ ప్రాజెక్టు ఫనెల్ వెబ్ సాలీళ్ల మీదని తెలిసి నాకు కాస్త అసూయ కూడా కలిగింది. మన గట్ల గడ్డిలో గరాటు గూళ్లు అల్లేవాటికి ఇవి దగ్గరి చుట్టాలు కావు. మనవాటి కోరలు పటకారులా ఎదురెదురుగా మూసుకుంటాయి. వీటివి పక్కపక్కనే కిందికి దిగుతాయి.

సాలీడు దొరికిందంటే పేరు కోసం తొందరపడకు. ముందు చోటు రాయి. "సిడ్నీ దగ్గర అడవి" అంటే ఏమీ రాయనట్టే. నేలలో బొరియా, చెట్టు తొర్రా? దుంగ కిందా, రాయి కిందా? తడి ఎంత? వాకిట్లోంచి పట్టుదారాలు ఎటు పరుచుకున్నాయి? అక్కడే నిలబడి రాసుకో, గదికొచ్చాక గుర్తుండదు. ఈ ఫనెల్ వెబ్‌లలో హాడ్రోనైకి సెర్బెరియా, హాడ్రోనైకి ఫార్మిడబిలిస్ చెట్ల తొర్రల్లో ఉంటాయి. ఎట్రాక్స్ రోబస్టస్ నేలనే నమ్ముకుంటుంది.

ఆ రోబస్టస్‌కి 1877లో పేరు పెట్టింది ఇంగ్లండ్‌లో చర్చి పాస్టర్‌గా ఉన్న ఆక్టేవియస్ పికార్డ్-కేంబ్రిడ్జ్. ఆ ఒక్క పేరు కింద మూడు జాతులున్నాయని 2025లో తేలింది: సిడ్నీ చుట్టుపక్కల రోబస్టస్, దానికి దక్షిణాన మోంటానస్, న్యూకాజిల్ వైపు అన్నిటికంటే పెద్దదైన క్రిస్టెన్సేనీ. మోంటానస్ 1914లోనే రెయిన్‌బో అనే శాస్త్రవేత్త వర్ణించిందే, మధ్యలో రోబస్టస్‌లో కలిపేశారు. డి.ఎన్.ఏ. ఎంత చెప్పినా, ఏ నమూనా ఎక్కడిదో తెలియకపోతే ఈ హద్దులు గీయగలిగేవారా? పాత పుస్తకాల్లో వీటి కుటుంబం హెక్సాథెలిడే అని ఉంటుంది; 2018 నుంచి అట్రాసిడే.

చోటు ఎంత ముఖ్యమో చెప్పడానికి మన గుత్తి సాలీడు సంగతి నీకు తెలుసుగా. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించిన పొసిలొథీరియా మెటాలికా. గుత్తిలో అది దొరికింది రైల్వే కలప యార్డులో. దాని అసలు ఇల్లు మా నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో, చెట్ల తొర్రల్లో. పేరు మాత్రం గుత్తికే దక్కింది!

ఇక జాగ్రత్తలు. మనకు సంక్రాంతి వేళ అక్కడ వేసవి. వాన పడ్డాక మగవి ఆడవాటిని వెతుక్కుంటూ రాత్రిళ్లు తిరుగుతాయి. రోబస్టస్‌లో మగదాని విషమే ఎక్కువ ప్రమాదం. బూట్లు దులపకుండా తొడగకు. కరిస్తే గట్టిగా క్రేప్ బ్యాండేజీ చుట్టి, ఆ చెయ్యో కాలో కదలకుండా కట్టి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 1981లో స్ట్రువాన్ సదర్లాండ్ బృందం తెచ్చిన విరుగుడు వాడుకలోకి వచ్చాక వీటి కాటుకు ఎవరూ చనిపోలేదు. ఈ సంగతి మీ అమ్మకు నువ్వే ఫోన్ చేసి చెప్పు, నేను చెబితే నమ్మదు.

నీ పిన్ని