కొండదారి సైకిలుకు తొలి క్లిప్‌లెస్ పెడళ్ళు, బూట్లు: ఎంపిక, అమరిక, అభ్యాసం

బెంగళూరు నగరానికి దక్షిణాన, కనకపుర రోడ్డుకు సమీపంలో ఉన్న తురహళ్ళి అడవి ఎర్రమట్టి బాటలకూ, పెద్దపెద్ద రాతిగుండ్లకూ ప్రసిద్ధి. ఇటువంటి బాటలపై మౌంటెన్ బైకు తొక్కడం నేర్చిన నగరవాసులలో ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగువారూ ఉన్నారు. కొన్ని నెలలు మామూలు పెడళ్ళతో తొక్కిన తరువాత చాలామందికి ఒక ఆలోచన కలుగుతుంది: పాదాన్ని పెడల్‌కు పట్టి ఉంచే క్లిప్‌లెస్ పెడళ్ళకు మారవచ్చునా?

మారవచ్చును. అయితే అడవికి చేరేలోపు దాటవలసిన సిగ్నళ్ళు, బస్సులు, లారీలు ఉన్నాయి. పాదం సకాలంలో విడిపడకపోతే సైకిలు నిలిచినచోటనే పక్కకు ఒరుగుతుంది. అడవిలో అది మోచేతి గీరుతో పోవచ్చు. రహదారిలో వెనుకనుండి వచ్చే వాహనం ముందు పడవలసి రావచ్చు. మణికట్టు విరిగితే ఆరు వారాలపాటు పని మానుకోవలసిన కుటుంబానికి అది చిన్న నష్టం కాదు. కనుక ఈ పాఠంలో ఏది కొనాలన్నదానితో పాటు, ఎలా అమర్చాలి, ఎలా నేర్వాలి అన్న అంశాలకూ సమాన ప్రాధాన్యం ఇవ్వడమైనది.

1. పేరులోని తికమక

క్లిప్‌లెస్ అనగా క్లిప్ లేనిది. పాదాన్ని పట్టి ఉంచే పెడల్‌కు ఈ పేరు ఎట్లా వచ్చిందని కొత్తవారు ఆశ్చర్యపడడం సహజం. పూర్వం పందేలలో పాల్గొనేవారు పెడల్ ముందు లోహపు పంజరం వంటి క్లిప్పును బిగించి, దానిలో బూటు ముక్కును దూర్చి, తోలుపట్టీతో కట్టుకొనేవారు. మంచుపై జారే స్కీలకు పట్టీలను తయారుచేసిన ఫ్రెంచి సంస్థ లుక్, అదే సూత్రాన్ని అనుసరించి 1984లో పంజరం లేని పెడల్‌ను విడుదల చేసింది. 1985లో బెర్నార్డ్ హినో ఆ పెడళ్ళతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. పాత క్లిప్పు తొలగింది గనుక క్లిప్‌లెస్ అన్న పేరు నిలిచింది. బురదలోనూ పనిచేసి, దిగి నడవడానికీ వీలిచ్చే చిన్న క్లీట్ గల ఎస్‌పిడి పద్ధతిని షిమానో సంస్థ 1990లో ప్రవేశపెట్టింది. నేటి మౌంటెన్ బైకు పెడళ్ళలో అధికభాగం ఆ మార్గాన్ని అనుసరించినవే.

పని చేసే విధానం సులభం. బూటు అడుగున బిగించిన చిన్న లోహపు ముక్కను క్లీట్ అంటారు. దానిని పెడల్‌పై మోపి నొక్కగా స్ప్రింగు దానిని పట్టుకొంటుంది. మడమను బయటివైపు తిప్పగా వదలుతుంది. పాదాన్ని పైకి లాగినంతమాత్రాన వదలదు. తొలి రోజుల పాట్లన్నిటికీ మూలం ఈ ఒక్క విషయమే.

2. నిజంగా అవసరమా?

క్లిప్‌లెస్ పెడల్ వలన కలిగే ముఖ్యప్రయోజనం పాదం స్థానం చెదరకపోవడం. రాళ్ళపై సైకిలు అదిరేటప్పుడు పాదం జారదు. పెడల్ పళ్ళు పిక్కకు గుచ్చుకొనే ప్రమాదం తగ్గుతుంది. నిటారు ఎక్కుడులో కాలు లయ తప్పదు. పాదాన్ని పైకి లాగడం వలన శక్తి రెట్టింపవుతుందన్న ప్రచారాన్ని మాత్రం నమ్మి కొననక్కరలేదు. తొక్కుడులో అత్యధిక భాగం కిందికి నొక్కడమే.

చిన్న పిన్నులు గల వెడల్పు ఫ్లాట్ పెడళ్ళు, జిగురైన రబ్బరు అడుగు గల బూట్లతో ఎంతో నేర్పుగా తొక్కేవారు ఉన్నారు. సైకిలును ఎత్తడం, మలపడం, అదుపు తప్పినప్పుడు కాలు కింద పెట్టడం వంటి మెళకువలు ముందుగా ఫ్లాట్ పెడళ్ళతో నేర్వడమే మేలు. వెనుక పిల్లలను కూర్చోబెట్టుకొని తొక్కేవారు, రోజంతా రద్దీలో ఆగుతూ సాగుతూ పనిచేసేవారు ఫ్లాట్ పెడళ్ళలోనే ఉండిపోయినా కోల్పోయేది లేదు.

3. పెడల్ ఎంపిక

మార్కెట్టులో ప్రధానంగా కనబడేవి రెండు బోల్టుల పద్ధతి, మూడు బోల్టుల పద్ధతి. మూడు బోల్టుల క్లీట్ పెద్దది. బూటు అడుగునుండి బయటికి పొడుచుకొని ఉంటుంది. రోడ్డు సైకిళ్ళకు ఉద్దేశించినది. మౌంటెన్ బైకుకు రెండు బోల్టుల పద్ధతినే ఎంచుకోవాలి. ఇందులో క్లీట్ అడుగులోని గుంటలో ఒదిగిపోతుంది గనుక రాతిపై నడిచినా జారుడు తక్కువ.

రెండు బోల్టులలోనూ తొలిసారి కొనేవారి ముందు మూడు మార్గాలు ఉంటాయి.

మొదటిది, రెండు ముఖాలలోనూ పట్టు గల చిన్న పెడల్. షిమానో ఎం520 ఈ కోవలోనిది. నిరాడంబరమైనది, మన్నిక గలది. పట్టు బిగుతును సడలించుకోవడానికి దీనికి మర ఉంటుంది.

రెండవది, పట్టు చుట్టూ చట్రం గల పెడల్. ఎం530 వంటివి. క్లీట్ ఇంకా దొరకకముందే కొంతదూరం తొక్కవలసి వచ్చినప్పుడు చట్రం పాదానికి ఆధారమిస్తుంది.

మూడవది, ఒకవైపు పట్టు, మరొకవైపు చదును గల పెడల్. ఇహెచ్500 ఇటువంటిది. ఇంటినుండి అడవివరకు రద్దీలో చదునుముఖం వాడుకొని, బాట మొదలైన తరువాత పట్టుముఖానికి మారవచ్చు. సరియైన ముఖం పైకి వచ్చిందో లేదో చూసుకోవలసి రావడం దీని లోపం. అయినా నగరం గుండా వెళ్ళవలసిన కొత్తవారికి ఈ లోపం భరించదగినదే.

క్రాంక్‌బ్రదర్స్ సంస్థ పెడళ్ళు బురదను సులభంగా వదిలించుకొంటాయి. నాలుగు వైపులా పట్టు ఉండడం వాటి విశేషం. అయితే వాటి స్ప్రింగు బిగుతును మార్చే వీలు లేదు. క్లీట్‌ను ఏ బూటుకు ఏది బిగించామన్న దానినిబట్టి 15 లేదా 20 డిగ్రీల వద్ద పాదం విడుదలవుతుంది. బిగుతును అతితక్కువకు తగ్గించి మొదలుపెట్టదలచినవారికి మర గల పెడలే అనుకూలం. మరొక హెచ్చరిక: ఎస్‌పిడి క్లీట్, క్రాంక్‌బ్రదర్స్ క్లీట్ రెండూ ఒకే బూటుకు అమరుతాయి, కాని ఒకదాని క్లీట్ మరొకదాని పెడల్‌లో పనిచేయదు.

4. క్లీట్‌లో తేడా

షిమానో క్లీట్లలో ఎస్‌హెచ్51, ఎస్‌హెచ్56 అని రెండు రకాలు ప్రధానం. మొదటిది మడమను పక్కకు తిప్పినప్పుడే వదలుతుంది. పెడల్‌తో పాటు సాధారణంగా ఇచ్చేది ఇదే. రెండవది పక్కకు తిప్పినా, పాదాన్ని వంపుగా పైకి గట్టిగా లాగినా వదలుతుంది. కంగారులో పాదాన్ని పైకి లాగడం మనిషి స్వభావం గనుక తొలి నెలలకు రెండవ రకాన్ని విడిగా కొనడం మంచి జాగ్రత్త. గతుకులపై ఒక్కొక్కసారి అనుకోకుండా విడిపోవడం దాని లోపం. అలవాటు కుదిరిన తరువాత మొదటి రకానికి మారవచ్చు.

5. బూట్ల ఎంపిక

కొత్త చెప్పు కరుస్తుందని ఓర్చుకోవడం మన వాడుక. సైకిలు బూటు విషయంలో ఈ ఓర్పు పనికిరాదు. దాని అడుగు గట్టిది. తోలు చెప్పువలె వాడగా వాడగా పాదానికి అనుగుణంగా సాగదు. అంగడిలో నొక్కిన బూటు అడవిలోనూ నొక్కుతుంది.

బూట్లను సాయంకాలం కొనడం మంచిది. పగలంతా నడవడం వలన పాదం కొంత ఉబ్బి ఉంటుంది. తొక్కేటప్పుడు వేసుకొనే మేజోళ్ళనే వేసుకొని చూడాలి. నిలబడినప్పుడు వేళ్ళు కదలడానికి ముందు కొద్దిపాటి ఖాళీ ఉండాలి. నడిచినప్పుడు మడమ పైకి లేవరాదు. చిన్ననాట చెప్పులు లేకుండా తిరిగినవారికి పాదం ముందుభాగం వెడల్పుగా ఉండడం కద్దు. అటువంటివారు ఒక సైజు పెద్దది తీసుకొని సర్దుకొనేకంటే, వెడల్పు అచ్చులో చేసిన బూటును అడిగి తీసుకోవాలి. పొడవు ఎక్కువైన బూటులో పాదం ముందుకు వెనుకకు జారి బొబ్బలెక్కుతుంది.

అడుగు ఎంత గట్టిగా ఉంటే తొక్కిన బలం అంత చక్కగా అందుతుంది. నడక అంత కష్టమవుతుంది. అడవిబాటలలో సైకిలును మోయవలసిన చోట్లు తప్పవు. కనుక కార్బన్ అడుగు కంటె, ఓ మోస్తరుగా వంగే నైలాన్ అడుగు, దానిపై లోతైన రబ్బరు గాళ్ళు గల బూటు తొలి కొనుగోలుకు తగినది. లేసులు గల బూటు చవక. కాని వాటి కొసలు గొలుసులో చిక్కకుండా దోపుకోవాలి. వెల్క్రో పట్టీలు సులభం. బురద పట్టినకొలది పట్టు తగ్గుతుంది. తిరుగుడు బిళ్ళతో బిగించేవి సౌకర్యం, ఖరీదు రెండూ ఎక్కువ గలవి.

6. అంగడిలో నాలుగు మాటలు

కన్నడంలో మాట్లాడే మెకానికు వద్ద తెలుగువారికి కొన్ని మాటలు చుట్టాలవలె తోస్తాయి. బిగి అన్న మాట రెండు భాషలలోనూ ఉంది. వదులును కన్నడంలో సడిల అంటారు. తెలుగులోని సడలు దానికి దగ్గరిది. కొలతను అళతె అనీ, మడమను హిమ్మడి అనీ అంటారు. జాగ్రత్త వహించవలసిన మాట బల. కన్నడంలో ఎడ అనగా ఎడమ, బల అనగా కుడి. బల పెడల్ అని మెకానికు అంటే గట్టి పెడల్ అని కాదు, కుడి పెడల్ అని. ఈ తేడా ఎందుకు ముఖ్యమో తరువాతి భాగంలో తెలుస్తుంది.

7. అమరిక

కుడి పెడల్ మర మామూలుగా తిరుగుతుంది. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. ఒకదానిని మరొకవైపు బలవంతంగా ఎక్కిస్తే క్రాంక్ మరలు పాడై, క్రాంకునే మార్చవలసి వస్తుంది. పెడళ్ళపై ఎల్, ఆర్ అక్షరాలు చూసి వేరుపరచుకోవాలి. గుర్తుంచుకోదగిన సూత్రం ఒకటి: స్పానర్‌ను పైకి నిలిపి పట్టుకొని, సైకిలు ముందువైపుకు తిప్పితే రెండు పెడళ్ళూ బిగుస్తాయి, వెనుకవైపుకు తిప్పితే రెండూ వదులవుతాయి. మరలకు కొద్దిగా గ్రీజు రాసి, మొదటి చుట్లు వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళకు తిరగకపోతే మర వంకరగా పడిందని గ్రహించి ఆగాలి.

క్లీట్‌ను పాదపు బంతి కిందుగా అమర్చాలి. బొటనవేలి మొదటి కణుపు, చిటికెనవేలి మొదటి కణుపు ఎక్కడ ఉన్నవో బూటుపైనుండి తడిమి గుర్తుపెట్టుకొని, ఆ రెండింటి మధ్యకు క్లీట్ వచ్చేటట్లు చూడాలి. అడవిబాటకు దానికంటె కొద్దిగా వెనుకకు జరిపినా మంచిదే. కుర్చీ అంచున కూర్చొని కాళ్ళు వదలి చూస్తే పాదాలు సహజంగా ఎటు తిరిగి ఉన్నవో తెలుస్తుంది. క్లీట్ ఆ తిరుగుడుకు అడ్డురాకూడదు. తొక్కిన తరువాత మోకాలి పక్కన నొప్పి మొదలైతే దానిని అలవాటుపడే నొప్పిగా భావించక, క్లీట్ కోణాన్ని సరిచూడాలి.

క్లీట్ బోల్టులను 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో, ఒకదాని తరువాత ఒకటి మార్చిమార్చి, 5 నుండి 6 న్యూటన్ మీటర్ల బిగుతుకు బిగించాలి. మొదటిసారి తొక్కివచ్చాక మళ్ళీ పరీక్షించాలి. బోల్టు వదులైన క్లీట్ చాలా ప్రమాదకరం: మడమను తిప్పితే బూటు మాత్రమే తిరుగుతుంది, క్లీట్ పెడల్‌లోనే ఉండిపోతుంది. అటువంటి స్థితి దాపురిస్తే బూటును వదులుచేసి పాదాన్ని బయటికి తీసుకోవడమే మార్గం.

చివరగా, పెడల్ బిగుతును 3 మిల్లీమీటర్ల అలెన్ కీతో అన్ని ముఖాలలోనూ సమానంగా, అతితక్కువకు తగ్గించాలి. కొత్త బూటు, కొత్త పెడల్ మందంలో తేడా ఉంటుంది గనుక సీటు ఎత్తునూ సరిచూసుకోవాలి.

8. అభ్యాసక్రమం

మొదటి మెట్టు: గోడను ఆనుకొని సైకిలుపై కూర్చొని, ఒక్కొక్క పాదాన్ని ముప్పైసార్లు తగిలించి విడిపించాలి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ తిప్పడం సులభం.

రెండవ మెట్టు: గడ్డి ఉన్న మైదానంలో ఒక పాదం మాత్రమే తగిలించి తొక్కడం. తరువాత రెండు పాదాలతో బయలుదేరి, ఆగి, మళ్ళీ బయలుదేరడం. ఇరవైసార్లు తడబాటు లేకుండా ఆగగలిగిన తరువాతనే తరువాతి మెట్టు.

మూడవ మెట్టు: వాహనాలు లేని వీధి. ఇక్కడ అలవరచుకోవలసిన నియమం, ఆగవలసిన చోటికి చేరకముందే పాదాన్ని విడిపించడం. మన దేశంలో రహదారికి ఎడమవైపున సాగుతాము గనుక ముందుగా ఎడమ పాదాన్నే విడిపించి, సైకిలును ఎడమకు వాల్చి ఆగాలి. తూలినా కాలిబాటవైపే పడతారు, వాహనాలవైపు పడరు. తుదకు ఇది ఆలోచించకుండానే జరిగే అలవాటు కావాలి.

నాలుగవ మెట్టు: తేలికపాటి అడవిబాట. అటవీశాఖ నిబంధనలను, ప్రవేశానికి అనుమతి ఉన్నదీ లేనిదీ ముందుగా తెలుసుకొని వెళ్ళాలి. కఠినమైన చోటు ఎదురైతే ఒక పాదం విడిపించుకొని వెళ్ళడంలో, లేదా దిగి నడవడంలో చిన్నతనమేమీ లేదు.

ఇంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకనాడు నిలిచినచోట ఒరిగి పడడం జరుగుతుంది. నేర్చినవారిలో అనేకులకు ఇది అనుభవమే. పడేటప్పుడు చేతిని చాచక, హ్యాండిల్ పట్టుకొనే ఒరిగితే మణికట్టు దెబ్బ తప్పే అవకాశం ఎక్కువ. ఆ పడడమేదో మైదానపు గడ్డిలో జరిగేటట్లు చూసుకోవడమే ఈ అభ్యాసక్రమం ఉద్దేశం.

9. సంరక్షణ

ఎర్రమట్టి బురద ఎండితే క్లీట్ గుంటలో గట్టిపడి, పట్టును అడ్డుకొంటుంది. ఇంటికి రాగానే పుల్లతో గీకి తీయాలి. తడిసిన బూట్లలో వార్తాపత్రికలు కుక్కి నీడన ఆరవేయాలి. క్లీట్ అంచులు అరిగి, పాదం కారణం లేకుండా విడిపోతున్నా, లేక విడవడానికి మొరాయిస్తున్నా క్లీట్‌ను మార్చే కాలం వచ్చినట్లే.

పునశ్చరణ

1. మూడు బోల్టుల క్లీట్ అడవిబాటకు ఎందుకు అనుకూలం కాదు?
2. ఎస్‌హెచ్51, ఎస్‌హెచ్56 క్లీట్లకు గల భేదం ఏమి?
3. మెకానికు బల పెడల్ అడిగితే ఏ పెడల్ ఇవ్వాలి? దాని మర ఏ వైపు తిప్పితే బిగుస్తుంది?
4. క్లీట్ బోల్టు వదులైతే కలిగే ప్రమాదం ఏమి?
5. సిగ్నలు వద్ద ముందుగా ఏ పాదాన్ని, ఎప్పుడు విడిపించాలి? ఎందుకు?

ఐదవ ప్రశ్నకు నోటితో కాక పాదంతో సమాధానం చెప్పగలిగిననాడు ఈ పాఠం పూర్తయినట్లు భావించవచ్చు.