పై పోర్షన్ సంగతి

తాండూరు



బిడ్డా, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వికారాబాద్‌లో మీ పై పోర్షన్ కిరాయికి కావాలని బదిలీ మీద వచ్చిన లెక్కల సారు ఒకాయన అడిగాడట. గదులు చూపించావు, నీళ్లు ఏ వేళకు వస్తాయో చెప్పావు, చివర్లో పేరడిగావు. ముస్లిం పేరు వినగానే "నిన్ననే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చారు" అన్నావట. నువ్వు చెడ్డవాడివి కావని తెలుసు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

వంట వాసన పడదన్నది నీ కారణమని అమ్మ అంది. ఆదివారం మీ వంటింట్లో మటన్ ఉడకదా? పోయినేడు అదే పోర్షన్‌లో ఉన్నవాళ్లు ఏం తింటారో ఒక్కసారైనా అడిగావా? మనసు ముందే వద్దనేసింది, కారణాన్ని తర్వాత వెతుక్కుంది. నువ్వు పట్టుకోవలసింది ఆ క్షణాన్నే. మతాలన్నీ ఒకటేనని మైకు ముందు ఎవరైనా చెప్పగలరు. పేరు వినగానే తన లోపల ఏం కదిలిందో చూసుకోవడానికి ధైర్యం కావాలి.

ఆ 'వద్దు' ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. 2022 మే 4 రాత్రి హైదరాబాద్ సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద హత్యకు గురైన యువకుడు మన మర్పల్లి వైపు పిల్లవాడే. దళితుడు. ప్రేమించి పెళ్లాడిన పిల్ల ముస్లిం. భార్య కళ్లముందే జరిగింది, ఆమె అన్నను, మరో బంధువును పోలీసులు అరెస్టు చేశారు. ఆ వారమంతా ఇక్కడ టీ బండ్ల దగ్గర, పెళ్లిళ్లలో "వాళ్లంతే" అనే మాటే వినిపించింది. అంతకు దాదాపు నాలుగేళ్ల ముందు, 2018 సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు ఇంకో దళిత యువకుణ్ని చంపారు. చంపించింది భార్య కన్నతండ్రి, హిందువు. అప్పుడు "ఆ తండ్రి అలాంటివాడు" అన్నారు కానీ "హిందువులంతే" అని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. మనవాడు తప్పు చేస్తే అది ఒక మనిషి తప్పు, అవతలివాడు చేస్తే జాతి మొత్తం తప్పు. ఆ రెండు తూకాలు మన అందరి ఇళ్లలో ఉన్నాయి. ఆ సారు నీ గుమ్మంలో నిలబడినప్పుడు నువ్వు వాడింది రెండో తూకమే.

ఇది మీ వీధితో ఆగే సంగతి కాదు. సుఖదేవ్ థోరాట్, ఆయన తోటి పరిశోధకులు ఢిల్లీలో, దాని చుట్టుపక్కల పట్టణాల్లో కిరాయి ఇళ్ల కోసం వేర్వేరు పేర్లున్న మనుషుల చేత అడిగించి చూశారు. ఆ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. అగ్రకుల హిందూ పేర్లకు సులువుగా తెరుచుకున్న తలుపులు దళితులకు, ముస్లింలకు చాలాచోట్ల మూసుకుపోయాయి.

మనది కలిసిమెలిసి బతికే ప్రాంతమని గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. నువ్వుండే ఊరికి పాయిగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా పేరుంది, పక్కనే అనంతగిరి పద్మనాభస్వామి గుడి, కాస్త దూరంలో క్రైస్తవుల ధారూరు జాతర. మా తాండూరు బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ ఒకేసారి వినిపిస్తాయి. అయితే జాతరలో భుజాలు రాసుకుని నడిచినంత మాత్రాన సహనం అబ్బదు. ఒకే మెట్ల మీద రోజూ ఎదురుపడాలి, ఒకే ట్యాంకు నీళ్లు పంచుకోవాలి. మీ ఇంట్లో పరిచిన నాపరాళ్లు మా తాండూరువే కదా. గనిలో వాటిని కోసినవాళ్లు ఏ కులమో, పాలిష్ పట్టినవాళ్లు ఏ మతమో నువ్వు అడగలేదు. వాళ్ల చెమట పడిన బండ మీద వాళ్లను ఉండనివ్వకపోవడం అన్యాయం.

ఒక పని చెయ్యి. కిరాయికి వచ్చేవాళ్లను ఏమేం అడగాలో ముందే కాగితం మీద రాసిపెట్టుకో: ఎంతమంది ఉంటారు, అడ్వాన్స్ ఎంత, కరెంటు బిల్లు ఎలా కడతారు. రెడ్డి వచ్చినా, మాదిగ వచ్చినా, లంబాడీ వచ్చినా, ముస్లిం వచ్చినా అవే అడుగు. అందులో లేని ప్రశ్న నోటిదాకా వచ్చిందంటే అక్కడ ఆగి, అది ఎందుకు వచ్చిందో నిన్ను నువ్వు అడుగు. సిగ్గు వేస్తే వెయ్యనీ, దాని నుంచి పారిపోకు. మీ అమ్మకు భయంగా ఉంటే ఆమెతోనూ కూర్చుని మాట్లాడు, ఆమె భయాన్ని అడ్డం పెట్టుకోకు.

గేటుకు టు-లెట్ బోర్డు ఇంకా వేలాడుతూనే ఉందట. ఆ సారు కూడా ఆ దారినే బడికి వెళుతూ చూస్తుంటాడు, నువ్వు అబద్ధం ఆడావని ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆయన నంబరు నీ దగ్గర ఉంది. ఈరోజే ఫోన్ చేసి, పోర్షన్ ఖాళీగానే ఉందని నిజం చెప్పు, క్షమాపణ అడుగు. ఆయన రానంటే ఆ మాట కూడా గౌరవంగా విను.

ఇట్లు,
మీ పెద్దమ్మ