ఉరబా ద్వీపపు పగడములు

ఉత్తర దక్షిణ అమెరికా ఖండములను కలుపు సన్నని భూభాగమునకు పనామా భూసంధి యని పేరు. దానికి ఒక వైపున అట్లాంటిక్ మహాసముద్రమునకు చెందిన కరీబియన్ సముద్రమును, వేరొక వైపున పసిఫిక్ మహాసముద్రమును గలవు. సుమారు 30 లక్షల సంవత్సరములకు పూర్వము ఈ రెండు సముద్రముల నీరును కలిసియుండెను. క్రమముగా నేల పైకి లేచి అడ్డుపడుటచే ఇరువైపుల జీవులును విడిపోయి, దేని దారి దానిదిగా మార్పు చెందినవి. ఒకే తల్లి బిడ్డలు వేర్వేరు ఊళ్లలో పెరిగి, కొన్ని తరములు గడచినపిదప ఒకరినొకరు గుర్తింపలేని స్థితికి వచ్చినట్లే యిది.

పసిఫిక్ వైపున, పనామా నగరమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున తబోగా యను ద్వీపము కలదు. దాని ప్రక్కనే ఉరబా యను చిన్న దీవి యున్నది. 1992 సెప్టెంబరులో ఆ దీవి యొద్ద, 7, 8 మీటర్ల లోతున, ఇసుకయు పగడపు ముక్కలును నిండిన వాలు నేలపై శాస్త్రజ్ఞులకు ఐదు పగడపు ముద్దలు కనబడెను. ఒక్కొక్కటి బత్తాయిపండంత యుండెను. అవి బండలకు అంటుకొనక విడిగా పడియుండెను.

నవరత్నములలో నొకటిగా ఉంగరమున పొదుగు ఎఱ్ఱని పగడము వేరు, ఈ పగడము వేరు. ఇది సముద్రమున దిబ్బలు కట్టు జాతిలోనిది. చూచుటకు రాయివలె నుండునే గాని, దాని పైభాగమున వందలకొలది చిన్న ప్రాణులు నివసించుచుండును. అవి తమ చుట్టును సున్నపు గూళ్లు కట్టుకొనును. వాటి దేహములలో నాచుజాతికి చెందిన అతి సూక్ష్మజీవులు చేరి, సూర్యరశ్మి సాయముతో ఆహారము చేసి ఆతిథ్యమిచ్చిన ప్రాణికి పెట్టుచుండును. పగడమునకు రంగు ఎక్కువగా వీటివలననే కలుగును.

ఉరబా యొద్ద దొరికిన పగడముల గూళ్ల నిర్మాణమును పరీక్షింపగా, అవి సైడరాస్ట్రియా యను ప్రజాతిలోనివని తేలెను. ఆ ప్రజాతి పగడములు అట్లాంటిక్‌లోను, హిందూమహాసముద్రములోను గలవు. కాని తూర్పు పసిఫిక్ తీరమున అంతకుముందు ఎవరును వాటిని సజీవముగా చూచి యుండలేదు. ఆన్ బడ్, హెక్టర్ గుజ్మాన్ అను శాస్త్రజ్ఞులు 1994లో దీనిని క్రొత్త జాతిగా వర్ణించి, సైడరాస్ట్రియా గ్లిన్నై యని నామకరణము చేసిరి. తూర్పు పసిఫిక్ పగడములను దీర్ఘకాలము పరిశీలించిన పీటర్ గ్లిన్ గౌరవార్థము పెట్టిన పేరది.

పేరు పెట్టుటతో చిక్కు తీరలేదు. ఆ ఐదు ముద్దలు అక్కడికి ఎట్లు చేరినవి? ఉరబాకు సమీపముననే పనామా కాలువ ముఖద్వారమున్నది. 1914లో తెరవబడిన ఆ కాలువ గుండ నిత్యము ఓడలు ఒక సముద్రమునుండి మరియొక సముద్రమునకు పోవుచుండును. ఓడ అడుగున అంటుకొనియో, ఓడ నిలకడకై నింపుకొను నీటిలో డింభకముగానో కరీబియన్ పగడము వచ్చియుండవచ్చును గదా! అయితే కాలువ నడుమ, సముద్రమట్టమునకు 26 మీటర్ల యెత్తున, మంచినీటి సరస్సు కలదు. ఉప్పునీటి ప్రాణికి ఆ దారి సులభము కాదు. కాని సైడరాస్ట్రియా పగడములు మిక్కిలి ఓర్పుగలవి యగుటచే ఆ మాట పూర్తిగా త్రోసివేయుటకును వీలులేదు.

2005లో వెలువడిన జన్యుపరిశోధన సంశయమును మరింత పెంచెను. ఈ పగడపు జన్యువులు కరీబియన్ సముద్రమున విస్తారముగా నున్న సైడరాస్ట్రియా సైడరియా జన్యువులను ఇంచుమించు పూర్తిగా పోలియుండెను. దీనికి పరిశోధకులు రెండు కారణములు ఊహించిరి. ఇటీవలి కాలమున మనుష్యుల మూలమున వచ్చియుండుట యొకటి. సుమారు 20 లక్షల సంవత్సరముల క్రిందట సముద్రము భూసంధిని తాత్కాలికముగా దాటినప్పుడు వచ్చి నిలిచియుండుట రెండవది. మొదటిది నిజమైనచో ఇది దారితప్పి వచ్చిన అతిథి మాత్రమే. దాని బంధువులు కరీబియన్‌లో లెక్కకు మిక్కిలిగా గలవు. రెండవది నిజమైనచో, లోకమున తెలిసినంతవరకు ఆ జాతి యంతయు ఆ ఐదు ముద్దలే.

ఈ వివాదము ముదురుటకు ముందే పగడములకు ఆపద వచ్చెను. పసిఫిక్ జలములు అసాధారణముగా వేడెక్కుటను ఎల్‌నినో యందురు. కొన్ని సంవత్సరములలో మన దేశమున నైరుతి ఋతుపవనములు బలహీనపడుటకు అదియు నొక కారణము. 1997–98లో వచ్చిన ఎల్‌నినో మిక్కిలి తీవ్రమైనది. నీరు వేడెక్కినప్పుడు నాచుజీవులు పగడమును విడిచిపోవును. పగడము పాలిపోయి, ఆ వేడి తగ్గకున్నచో ఆకలిచే చచ్చును. ఉరబా పగడములును తెల్లబడి, అక్కడక్కడ దేహము నశింపజొచ్చెను. ఇల్లు కాలుచుండగా లోపలివాడు యజమానియా, చుట్టమా యని విచారించువారుండరు. శాస్త్రజ్ఞులు నాలుగు ముద్దలను సముద్రమునుండి తీసి, పనామాలోని స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధనాసంస్థ వారి ఉప్పునీటి తొట్లలో భద్రపరచిరి.

పనామా తీరమున మరల వెదకినను అట్టి పగడము వేరొకటి కనబడలేదు. 2015లో అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వము ఈ జాతిని అంతరించు ప్రమాదమున్న వాటి పట్టికలో చేర్చెను. అతిథియా, ఆ తీరపు సొంత బిడ్డయా యను ప్రశ్న మాత్రము అప్పటికిని తేలలేదు.