ముందు చదువు, తర్వాత సభ



శ్రీకాకుళంలో ఉత్తరాంధ్ర రచయితల పేరిట రెండు రోజుల సాహిత్య ఉత్సవం మొదలుపెడుతున్నావని తెలిసి తాతయ్యకు ఎంతో సంతోషంగా ఉందమ్మా. ముఖ్య అతిథి ఎవరు, హాలు ఏది, శాలువాలెన్ని అన్నవి తర్వాత చూసుకోవచ్చు. వచ్చేవాళ్లు ఏం చదివి వస్తారో ముందు తేల్చుకో.

అందుకు కావలసిన కథల గ్రంథాలయం, కథానిలయం, మీ ఊళ్లోనే ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారికి 'యజ్ఞంతో తొమ్మిది' కథల సంపుటికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ సొమ్ముతో 1997 ఫిబ్రవరి 22న కథానిలయానికి శ్రీకారం చుట్టారు. పుస్తకాలకెక్కిన కథలతో సరిపెట్టుకోలేదాయన. పాత వార, మాస పత్రికల్లో ఉండిపోయినవాటినీ వెతికి తెప్పించారు. అక్కడ నాలుగు కథలు ఎంచుకో. హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, రెండు నెలల ముందే ప్రతులను బడులకూ గ్రంథాలయాలకూ పంపు. సభలో మొదటి మాట ఆ కథలు చదివిన పిల్లల ప్రశ్నే కావాలి. వక్త దానికి జవాబుగా మాట్లాడాలి.

ఒక పూట విజయనగరానికి కేటాయించు. 1892లో గురజాడ 'కన్యాశుల్కం' తొలిసారి ప్రదర్శించింది అక్కడే. నాటకం మొదటి రంగంలో గిరీశం ఒంటరిగా కనిపించే బొంకులదిబ్బ ఆ ఊళ్లోదే. పిల్లలను అక్కడే నిలబెట్టి ఆ రంగాన్ని చదివించు. గురజాడ విన్న మాట ఏ వీధిలోదో పిల్లలకు చెవులతో తెలుస్తుంది.

గిడుగు రామమూర్తి గారి పేరు చెప్పగానే అందరూ వ్యావహారిక భాషోద్యమంతో ఆగిపోతారు. ఆయన సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, పాటలూ కథలూ సేకరించి, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. కాబట్టి ఆయన మీద ప్రసంగం ఒక్కటే చాలదు. సీతంపేట వైపు సవర పాటగాళ్లను పిలువు. పాట ముందు సవరలో వినిపించాలి, ఆ తర్వాతే తెలుగులో అర్థం చెప్పాలి. తప్పెటగుళ్ల బృందాన్ని కూడా ఊరేగింపుకు పరిమితం చేయకు. గుండెకు కట్టిన తప్పెట వాయిస్తూ అడుగు ఎలా మారుస్తారో, పాట ఎవరి దగ్గర నేర్చారో వాళ్ల నోటనే చెప్పించు. దారి ఖర్చులు, పారితోషికం ముందే చేతికివ్వాలి.

నవంబరు వద్దమ్మా, అది తుఫాన్ల కాలం. ఫిబ్రవరి మంచిది. కోతలు అయిపోతాయి, పిల్లలకు పరీక్షలింకా మొదలుకావు.

ఈ వారమే కథానిలయానికి వెళ్లి కథల జాబితా రాసి పంపు. అనుమతి ఉత్తరాలు ఎవరెవరికి రాయాలో తాతయ్య చూసి చెబుతాడు.

ఇట్లు,
తాతయ్య