కోళ్లకు జలోదరము: గాలి ముందు, మందు తరువాత

పుష్యమాసములో ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామములలో తెల్లవారుజామున మంచు దట్టముగా పట్టును. పిల్లలకు చలి తగులునను భయముతో బ్రాయిలరు కోళ్ల రైతులు షెడ్డుకు నలువైపుల గోనెపట్టాలు కట్టి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుదురు. కొన్ని వారములు గడచిన పిమ్మట ఏపుగా పెరిగిన కోళ్లే రొప్పుచు, జుట్టు నీలముగా మారి, పొట్ట ఉబ్బి చనిపోవచ్చును. కోసి చూచిన పొట్టలో పసుపుపచ్చని నీరు, పెరిగిన గుండె కనిపించును. ఇదియే జలోదరము. ఇది ఒక కోడి నుండి మరొక కోడికి అంటునది కాదు. దీనికి మూలము ప్రాణవాయువు లోపము.

శరీరములో ఇతర భాగములకు ప్రాణవాయువు తగ్గినచో అచటి రక్తనాళములు వెడల్పగును. ఊపిరితిత్తులలో ఇందుకు విరుద్ధముగా నాళములు ముడుచుకొనును. స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ 1946లో పిల్లులపై ప్రయోగములు చేసి ఈ సంగతి వెల్లడించిరి. ఊపిరితిత్తిలో ఒక మూలకు గాలి అందనప్పుడు రక్తము గాలి ఉన్న వైపునకు మళ్లుట ఇందలి మేలు. కాని షెడ్డంతయు ఉక్కగా నున్నచో అన్ని నాళములు ఒకేసారి బిగియును. గుండె కుడిభాగము బలముగా నెట్టి నెట్టి అలసిపోవును. రక్తము కాలేయములో నిలిచి, నీరు పొట్టలోనికి ఊరును. కోడి ఊపిరితిత్తులు ప్రక్కటెముకలకు అంటియుండి సాగవు. అందుచేత త్వరగా బరువెక్కు బ్రాయిలరుకు ఈ ముప్పు హెచ్చు. ఆరుబయట తిరుగుచు నెమ్మదిగా పెరుగు నాటుకోళ్లలో ఇది అరుదు.

ప్రాణవాయువు కొరతలో శరీరమునందు కొన్ని హానికర పదార్థములు పుట్టి, నాళముల లోపలి పొరను చెరచును. నాళములను సడలించు నైట్రిక్ ఆక్సైడును కూడ అవి హరించును. ఈ హానిని అరికట్టు పోషకములను యాంటీఆక్సిడెంట్లు అందురు. విటమిన్ ఇ, విటమిన్ సి, సెలీనియము ఇట్టివి. పరిశోధనలలో వీటివలన కొన్నిచోట్ల మరణములు తగ్గినవి, కొన్నిచోట్ల ఫలితము స్వల్పము. కనుక ఇవి గాలికి బదులు కావు.

రైతులు చేయవలసిన పనులు:

1. పట్టాలను పైనుండి క్రిందికి దించునట్లు కట్టి, రాత్రియందును పైభాగమున సందు విడువవలెను.

2. పొగ కుంపటిని లోపల ఉంచరాదు. బొగ్గుపొగ రక్తములో ప్రాణవాయువు స్థానమును ఆక్రమించును.

3. తడిసిన ఊకను తీసి పొడి ఊక వేయవలెను. కండ్లు మండు ఘాటు వచ్చినచో గాలి చాలలేదని గ్రహింపవలెను.

4. చేదెక్కిన తవుడు, పాత నూనె కలిసిన దాణా పెట్టరాదు. అందు విటమిన్ ఇ నశించును. దాణాలో ఉప్పు మితిమీరరాదు.

5. విటమిన్లు, సెలీనియము పశువైద్యుని సలహాపై మాత్రమే కలుపవలెను. సెలీనియము హెచ్చైనచో విషము.

పొట్టలో నీరు చేరిన కోడిని బ్రతికించుట కష్టము. చావులు వరుసగా కనిపించినచో గ్రామాధికారులు పశువైద్యశాలకు వెంటనే తెలుపవలెను. అంటువ్యాధి కాదని పరీక్షలో తేలవలెను. ఈ రాత్రియే షెడ్డులోనికి వెళ్లి ఊపిరి పీల్చి చూడుడు. మీకు ఉక్కగా తోచినచో కోడికి అంతకంటె హెచ్చుగా ఉక్కయని తెలిసికొనుడు.