పురుగులన్నీ ఒకటి కాదు



మా ఇంట్లో పాఠం చెప్పేవారు లేరు. రేగోడ్ హాస్టల్లో ఉన్నప్పుడు బద్దెపురుగు, ఏలికపాము, వానపాము ఒకే వర్గమని రాసి మార్కులు పోగొట్టుకున్నాం. పేరు కాదు, శరీరం చూడాలి.

స్పంజికలు, జెల్లీచేపలు, సముద్ర నక్షత్రాలు ఎక్కువగా సముద్రంలో ఉంటాయి. మనకు దగ్గరివి చూద్దాం.

రిబ్బనులా చదునుగా ఉండే బద్దెపురుగు ప్లాటిహెల్మింథిస్. గుండ్రంగా, ఖండితాలు లేని ఏలికపాము నెమటోడా. ఉంగరాల్లాంటి ఖండితాలున్న వానపాము, జలగ అనెలిడా. మెత్తని శరీరం, కండర పాదం ఉన్న నత్త మొలస్కా. కీళ్ల కాళ్లుంటే ఆర్థ్రోపోడా, జంతువుల్లో అతి పెద్ద వర్గం. అందులో మిడతకు 6 కాళ్లు, తేలుకు 8.

వానపాము పొలానికి మేలు చేస్తుంది. ఏలికపాము మన పేగుల్లో చేరి తిన్న తిండి దోచుకుంటుంది. దాని గుడ్లు మట్టిచేతులతో లోపలికి పోతాయి. కాబట్టి కంచం ముందు కూర్చునేముందు సబ్బుతో చేతులు కడుక్కుందాం.