ఆకుపచ్చ రాయి అసలు రంగు

జగిత్యాల నుంచి కోరుట్లకో, సిరిసిల్లకో బస్సులో వెళ్ళేటప్పుడు కిటికీలోంచి బోడిగుట్టలు చూసే ఉంటారు. అవి చాలావరకు గ్రానైటు గుట్టలు. వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు! అలాంటి గుట్ట పగుళ్ళలో పిస్తాపప్పు రంగు పూత కనిపిస్తే, ఒక ముక్క తెచ్చి "అగ్నిపర్వత శిల" అని చీటీ అంటించకండి. ఆ పూత ఎపిడోటు అనే ఖనిజం. పగుళ్ళలో పారిన వేడినీటివల్ల ఏర్పడింది. గ్రానైటు కూడా లావా కాదు. శిలాద్రవం భూమి లోపలే మెల్లగా చల్లారితే గ్రానైటు అయింది.

మరి అసలైన ఆకుపచ్చ అగ్నిపర్వత శిల ఏది? విచిత్రమేమిటంటే, పుట్టినప్పుడు అది ఆకుపచ్చగా ఉండదు. పైకి పొంగిన లావా చల్లారి నల్లని బసాల్టు అవుతుంది. తరువాత అది లోతున కూరుకుపోయి వేడికీ, ఒత్తిడికీ, నీటికీ లోనైతే అందులోని ఖనిజాలు క్లోరైటు, ఆక్టినోలైటు, ఎపిడోటులుగా మారతాయి. మూడూ ఆకుపచ్చనివే. అందుకే ఆ శిలను గ్రీన్‌స్టోన్ అంటారు. మన గద్వాల ప్రాంతంలోనూ, కర్ణాటకలోని హట్టి, కోలారులలోనూ ఈ శిలలు పొడవాటి పట్టీలుగా ఉన్నాయి. హట్టి, కోలారులలో ఈ శిలల పగుళ్ళగుండా ప్రవహించిన వేడినీరే బంగారాన్ని మోసుకొచ్చింది. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి.

రాయిని గుర్తించడానికి పైరంగు చాలదు. నాచు పట్టినా రాయి ఆకుపచ్చగానే ఉంటుంది కదా! పెద్దల సాయంతో, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, రాయిని పగులగొట్టి కొత్త ముఖాన్ని భూతద్దంతో చూడండి. గ్రానైటులో తెల్లని, గులాబిరంగు, నల్లని పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. గ్రీన్‌స్టోన్‌లో పలుకులు కంటికి ఆనవు.

తరువాత స్ప్రింగుత్రాసుకు కట్టి తూచండి. గాలిలో 300 గ్రాములున్న రాయి నీళ్ళలో ముంచితే 200 గ్రాములే తూగిందనుకోండి. తగ్గిన 100తో 300ను భాగిస్తే 3. గ్రీన్‌స్టోన్‌కు ఇంచుమించు ఇంతే వస్తుంది, గ్రానైటుకు 2.7 దాటడం అరుదు.

ఇక్కడొక చిక్కుంది. కరీంనగర్ ప్రాంతపు గ్రానైటును చీల్చుకుంటూ గోడల్లా సాగే నల్లరాయి, అంటే డోలరైటు, కూడా బరువైనదే. ఒక్కోసారి లేత ఆకుపచ్చ ఛాయ కూడా ఉంటుంది. కాని అది పైకి పొంగలేదు, పగుళ్ళలోనే గట్టిపడింది. చేతిలోని ముక్కను చూసి ఈ తేడా చెప్పడం పెద్దవాళ్ళకే కష్టం. రాయి దొరికిన చోటు చూడాలి. అందుకే చీటీమీద ఊరిపేరు, గుట్టపేరు తప్పక రాయండి.

లావా అనడానికి తిరుగులేని ఆనవాలు చూడాలంటే కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గరి మారడిహళ్ళికి వెళ్ళాలి. అక్కడి ఆకుపచ్చ శిల దిండ్లు పేర్చినట్లుంటుంది. లావా నీటి అడుగున పొంగితేనే అలా ముద్దలు ముద్దలుగా గడ్డకడుతుంది. ఆ పొడినేలమీద ఒకప్పుడు నీళ్ళుండేవన్నమాట!